ఫైరింజన్ వచ్చేలోగా



ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. నిప్పంటుకుందని కబురు అందాక ఫైరింజన్ ఎంతసేపట్లో చేరాలి? మన దేశంలో స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కమిటీ దీనికి ఒక కొలత పెట్టింది. పట్నంలో 5 నుంచి 7 నిమిషాలు, పల్లెలో 20 నిమిషాలు. కాగితం మీది మాట అక్షరాలా జరిగిందనే అనుకుందాం. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. టెంకాయ మట్టలు కప్పిన పూరింటి చూరుకు నిప్పు తగిలింది. ఆ ఇల్లు 20 నిమిషాలు ఆగుతుందా? పది నిమిషాలకే కప్పు కూలిపోతుంది. అంటే వేళ తప్పకుండా వచ్చిన బండి కూడా చాలాసార్లు కాపాడగలిగేది పక్కింటినే.

ఫైర్ సర్వీసును తప్పుపట్టాలని ఈ మాట అనడం లేదు. ఆ శాఖలో పాతికేళ్లు చేసినవాళ్లను అడిగి చూడండి, మనకన్నా ముందు వాళ్లే ఒప్పుకుంటారు. దూరం దూరమే కదా. సామల్పట్టినే తీసుకోండి. జోలార్‌పేట నుంచి సేలం పోయే రైలుదారి మీద, తమిళనాడులోని మన కృష్ణగిరి జిల్లాలో ఉన్న ఊరు. భూగర్భశాస్త్రం చదివినవాళ్లకు అక్కడి కార్బొనటైట్ రాళ్ల వల్ల ఆ పేరు తెలుసు, మిగిలినవాళ్లకు రైల్వే స్టేషను వల్ల తెలుసు. చుట్టూ మామిడితోటలు, బండలు తొలిచి దింపిన లోతైన బావులు, అక్కడక్కడ ఇంకా మిగిలిన పూరిళ్లు, పశువులున్న ప్రతి ఇంటి వెనకా గడ్డివామి. ఏదన్నా జరిగితే బండి రావలసింది ఊత్తంగరై నుంచి. ఆ బండి అప్పటికే ఇంకో పిలుపు మీద పోయుంటే ఇంకా దూరం నుంచి రావాలి. దారిలో రైల్వేగేటు పడిందంటే ఎంత పెద్ద సైరన్ మోగినా గేటు లేవదు.

ఇంకో లెక్క కూడా ఉంది. మామూలు ఫైరింజన్‌లో పట్టేది దాదాపు 4,500 లీటర్లు. ఒకే ఒక పైపుతో నిమిషానికి 450 లీటర్ల చొప్పున కొట్టినా పది నిమిషాలకు ట్యాంకు ఖాళీ. ఆ తరవాత నీళ్లెక్కడివి? ఎవరి బావిలో మోటారు ఉంది, ఆ వేళకు కరెంటు ఉందా, లేకపోతే డీజిల్ ఇంజన్ ఎవరి దగ్గర ఉంది, బండి బావి దాకా పోయేంత దారి ఉందా? ఇవి ఊళ్లోవాళ్లకు తెలిసిన సంగతులు. ఊత్తంగరై నుంచి వచ్చిన డ్రైవరుకు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పే మనిషి ఎవరన్నది నిప్పు పుట్టకముందే తేలిపోయిన ఊళ్లో నష్టం తక్కువగా ఉంటుంది. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఫైర్ సర్వీసు ఊళ్లతో కలిసి పనిచేయడమంటే మనకు వెంటనే గుర్తొచ్చేది ఏప్రిల్ నెల వారోత్సవం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి మూటలూ పేలుడు సామగ్రీ కలిపి ఎక్కించుకొచ్చిన ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయింది. మంటలార్పడానికి పోయిన ఫైర్ సిబ్బందిలో 66 మంది చనిపోయారు. వాళ్ల గుర్తుగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతా అగ్నిమాపక వారోత్సవం చేస్తారు. బడికి ఎర్రబండి వస్తుంది, పిల్లలను వరసలో నిలబెడతారు, ఎర్ర డబ్బా పిన్ను లాగి నురుగు కొట్టి చూపిస్తారు, ఫోటో తీసుకుంటారు. మంచిదే. కానీ నాకెప్పుడూ ఒక అనుమానం. ఆ ప్రదర్శన చూసిన ఆరో తరగతి పిల్లవాడు సాయంత్రం ఇంటికి పోతాడు. వంటింట్లో గ్యాసు వాసనొస్తే మొదట స్విచ్చి మీద చెయ్యి వేసేది వాళ్లమ్మ. ఆమె ఆ ప్రదర్శన చూడలేదు.

ఆమెకు ఎక్కడ చూపించాలి? ఉపాధి పని జరిగే చోట, మగళిర్ కుళు, అంటే ఆడవాళ్ల సంఘం, కూడే చోట, రేషన్ కడ ముందు. ఊత్తంగరై చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా నలభై యాభై మంది ఆడవాళ్లు ఒకచోట చేరే సందర్భాలు ఇవే. అక్కడ చూపించవలసిన ఒక ప్రదర్శన ఉంది, ఫైర్‌వాళ్లు దాన్ని చాలా బాగా చేస్తారు. సిలిండరు మూతి దగ్గర మంట వెలిగిస్తారు. నిలువెత్తు మంట లేస్తుంది. చూసేవాళ్లు వెనక్కి ఉరుకుతారు. ఫైర్‌మన్ మాత్రం తడి గోనెసంచి రెండు కొసలూ తన చేతులకు చుట్టుకుని, సంచిని ముందు అడ్డం పట్టుకుని, నిదానంగా నడిచివచ్చి మంట మీద కప్పేస్తాడు. మంట అక్కడికక్కడే ఆగిపోతుంది. వెంటనే వాల్వు తిప్పి మూసేస్తాడు. మూతి దగ్గర మండుతున్న సిలిండరు ఆ క్షణానే పేలిపోదని ఎవరెన్నిసార్లు చెప్పినా మనసు నమ్మదు. ఒకసారి కళ్లారా చూస్తే, అందులోనూ ఊళ్లోని ఒక ఆడమనిషి చేతనే ఆ సంచి కప్పించి చూపిస్తే, ఆ భయం సగం తగ్గుతుంది.

గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది, గడప దాటి పక్క గదిలోకి పాకుతుంది. అందుకే వాసన వచ్చినప్పుడు లైటు వేయకూడదు, వెలుగుతున్న లైటును ఆర్పనూ కూడదు. రెగ్యులేటరు మూసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోను చేయాలి. ఈ నాలుగు ముక్కలు ఎవరు చెప్పాలి? నన్నడిగితే, నెలనెలా సిలిండరు భుజాన వేసుకుని వంటింటి దాకా వచ్చే డెలివరీ అబ్బాయి. ఫైర్ ఆఫీసరు ఏడాదికొకసారి ఊరికి వస్తే గొప్ప. ఈ అబ్బాయి ప్రతి వంటింటినీ చూస్తాడు. ఏ ఇంట్లో ట్యూబు పగిలిపోయిందో, ఎవరు సిలిండరు పక్కనే కట్టెల పొయ్యి పెట్టుకున్నారో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అతన్ని ఒక పూట ఫైర్ స్టేషనులో కూర్చోబెట్టి మాట్లాడితే చాలు. కరెంటు లైన్‌మన్ సంగతీ అంతే. ఎండుగడ్డి ఎత్తుగా నింపుకున్న ట్రాక్టరు వేలాడుతున్న కరెంటు తీగకు తగిలి తగలబడటం మన వైపు ఎండాకాలపు వార్తల్లో మామూలే. ఏ దారిలో తీగ కిందికి దిగిందో రైతుకు తెలుసు. దాన్ని బిగించవలసినవాడు లైన్‌మన్. గడ్డి తగలబడ్డాక రావలసినవాడు ఫైర్‌మన్. ముగ్గురూ ముందే ఒకసారి మాట్లాడుకుంటే మూడోవాడికి పని తప్పుతుంది.

ఇక నీళ్ల సంగతి. తమిళనాడులో ఈ శాఖను ఫైర్ అండ్ రెస్క్యూ సర్వీసెస్ అంటారు. నిప్పుతో పాటు పాములూ కందిరీగల గూళ్లూ బావిలో పడిన పశువులూ అన్నీ వాళ్ల పనే. 2024 నవంబరు చివర ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. సముద్రం ఎక్కడ, మన ఊత్తంగరై ఎక్కడ అనుకున్నాం. మరునాటికి ఆ వాన వచ్చి మన నెత్తినే కురిసింది. డిసెంబరు 1, 2 తేదీల్లో 24 గంటల్లో ఊత్తంగరైలో 50 సెంటీమీటర్లు పడింది. ఈ జిల్లాలో ఏడాది పొడుగునా కురిసే వానలో సగానికి పైమాట. చెరువు పొంగి, బస్టాండు దగ్గర రోడ్డు పక్కన నిలిపిన కార్లూ వ్యాన్లూ కాగితప్పడవల్లా కొట్టుకుపోయిన వీడియోలు మీరంతా చూసే ఉంటారు. కరువు ప్రాంతమని పేరుపడ్డ చోట వరద వస్తే ఏం చేయాలో ఎవరికి తెలుసు? కావేరి డెల్టాలో వాళ్లకు తెలుసు, కడలూరు వాళ్లకు తెలుసు. మనకు ఈత వచ్చినవాళ్లే తక్కువ.

అలాంటి చోట ఫైర్‌వాళ్లు ఏటా ఈశాన్య రుతుపవనాలకు ముందు చెరువుగట్టు మీద చేసి చూపించే ఒత్తిగై, అదే మాక్ డ్రిల్, నాకు చాలా ఇష్టం. అందులో విదేశీ సామాను ఏమీ ఉండదు. మూత బిగించిన రెండు ప్లాస్టిక్ బిందెలను తాడుతో కట్టి నడుముకు చుట్టుకుంటే మనిషి తేలతాడు. అరటిబోదెలు నాలుగు కలిపి కట్టి దాని మీద ముసలివాళ్లను కూర్చోబెట్టి లాక్కురావచ్చు. తాగి పారేసిన నీళ్ల సీసాలు మూతలు బిగించి గోనెసంచిలో నింపితే అదే లైఫ్ జాకెట్టు. ఎండు టెంకాయలు, ఖాళీ డబ్బాలు, థర్మాకోలు పలకలు, అన్నిటికీ పని చెబుతారు. ఈత రానివాణ్ని కాపాడటానికి నీళ్లలోకి దూకడం ఆఖరు మాట అనీ, ముందు చీరో తాడో వెదురు గడో అందించాలనీ చేసి చూపిస్తారు. ఇందులో ఊరివాళ్లకు తెలియని వస్తువు ఒక్కటీ లేదు, కష్టకాలానికి గుర్తు రావడమే కావాలి.

బావుల గురించి ఇంకొంచెం చెప్పాలి. మన వైపు ఇది తరచూ ఎదురయ్యే సంగతి. వాడకం ఆగిపోయిన పాతబావి అడుగున గాలి చెడిపోయి ఉంటుంది. బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువు కనక అడుగునే పేరుకుంటుంది. మోటారు దించడానికో, పడిపోయిన మేకపిల్ల కోసమో ఒకడు దిగి సొమ్మసిల్లుతాడు. వాణ్ని చూసి తమ్ముడు దిగుతాడు. తమ్ముణ్ని చూసి పక్కచేని మనిషి దిగుతాడు. ఒక ప్రాణం పోవలసిన చోట మూడు పోతాయి. ఇలాంటి వార్త రాని ఏడాది లేదు. డీజిల్ ఇంజన్ను బావిలోకి దించి నడిపితే ఆ పొగ ఇంకా ప్రమాదం. దిగేముందు పచ్చికొమ్మలు గుబురుగా కట్టి తాడుతో పైకీ కిందికీ ఆడించడం, పైనుంచి నీళ్లు చల్లడం వంటి పనులు పెద్దవాళ్లకు తెలుసు. అవి కాస్త గాలి ఆడేలా చేస్తాయి, అంతే. వాటిని నమ్ముకుని మనిషిని దించకూడదు. మనిషి పడిపోయాడంటే ఊపిరి పరికరం తగిలించుకున్న ఫైర్‌మన్ తప్ప ఎవరూ దిగకూడదు. తమ్ముణ్ని ఆపి పట్టుకోవడమే ఆ వేళ ఊరు చేయగల పెద్ద సాయం. చెప్పడం సులువు, చేయడం కష్టమని తెలుసు. అందుకే ఎవరు ఆపాలో ముందే అనుకుని ఉండాలంటున్నాను.

ఇలాంటి పనులకు ఊరివాళ్లనే తయారుచేయాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర అనే పథకం తెచ్చింది. మొదట వరద ముప్పున్న 30 జిల్లాలు, జిల్లాకు 200 మంది. ఆ తరవాత 350 జిల్లాలకు, లక్ష మందికి పెంచారు. రోజుల తరబడి శిక్షణ ఇచ్చి, సామాను సంచీ ఇస్తారు. పథకం మంచిదే. శిక్షణ అయ్యాక ఆ కుర్రవాడు ఉద్యోగానికి హోసూరుకో బెంగళూరుకో పోతే మాత్రం ఊరికి మిగిలేది ఆ సంచీయే. మన జిల్లాలో ఇది చిన్న సమస్య కాదు. అందుకే ఊరు విడిచిపోని మనుషులను, అంటే కుళు ఆడవాళ్లను, అంగన్‌వాడి టీచరును, పాలసొసైటీ దగ్గర రోజుకు రెండుపూటలా నిలబడే మనిషిని తీసుకోవాలని నా అభిప్రాయం.

ఇక బాణసంచా సంగతి. మన ప్రాంతానికి 2023 చెడ్డ ఏడాది. జులై 29న కృష్ణగిరి పళయపేటలో బాణసంచా గోదాము పేలి తొమ్మిది మంది చనిపోయారు. పక్కనున్న హోటలూ ఇళ్లూ నేలమట్టమయ్యాయి. గ్యాస్ సిలిండరు వల్లా, బాణసంచా వల్లా అని తరవాత చాలా వాదనలు నడిచాయి. ఆ వాదన తేలినా తేలకపోయినా, టపాకాయలూ పొయ్యీ పక్కపక్కనే ఉన్నాయన్నది మాత్రం అందరూ ఒప్పుకున్న సంగతి. ఆ దారిన రోజూ ఎంతమంది నడిచి ఉంటారు? మూడు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 7న, హోసూరు పొలిమేర దాటగానే వచ్చే అత్తిబెలెలో ఇంకో కొట్టు తగలబడింది. లారీ నుంచి సరుకు దించుతుండగా అంటుకుంది. పద్నాలుగు మందికి పైగా పోయారు. కొట్టు కర్ణాటకది, పోయినవాళ్లలో చాలామంది తమిళనాడు పిల్లలు. ధర్మపురి జిల్లా అమ్మాపేట నుంచి పండగ నాలుగు రోజులు కూలికొచ్చిన చదువుకునే పిల్లలు కూడా అందులో ఉన్నారు.

రూలు లేక కాదు. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల్లో తాత్కాలిక టపాకాయల దుకాణానికి కొలతలన్నీ ఉన్నాయి. కొట్టుకూ కొట్టుకూ మధ్య కనీసం 3 మీటర్లు, ఇళ్లూ బడులూ వంటి కట్టడాలకు 50 మీటర్లు, కొట్లు ఎదురెదురుగా ఉండకూడదు, నూనెదీపాలు పెట్టకూడదు, ఒకచోట 50 కొట్లకు మించకూడదు. తనిఖీకి రెవెన్యూ, పోలీసు, ఫైర్ మూడు శాఖలూ వస్తాయి. ఒక రోజు వస్తాయి, పోతాయి. కొట్టు మాత్రం నెల రోజులు ఉంటుంది. ఆ నెల రోజులూ అక్కడ ఉండేది పక్క టీకొట్టువాడు, ఎదురింటివాళ్లు, అక్కడ పనికి పెట్టుకున్న కుర్రాళ్లు. బయటికి పోయే రెండో దారి ఉందా అని ఆ కుర్రాళ్లలో ఒక్కడు అడిగినా చాలు. వాళ్లకు అడగడం నేర్పించవలసింది వాళ్లు చదివే కాలేజీలు. దీపావళికి ముందు ఫైర్‌వాళ్లు బడిపిల్లలకు నూలుబట్టలు కట్టుకోండి, బకెట్టుతో నీళ్లు పెట్టుకోండి అని చెబుతారు. కాల్చేవాళ్లకు చెప్పడం సరే. అమ్మే కొట్లో కూలికి పోయే పదిహేడేళ్ల పిల్లవాడికి చెప్పే మనిషి ఎవరు?

హోసూరు వైపు కంపెనీల కథ వేరు. 2024 సెప్టెంబరు 28 తెల్లవారుజామున టాటా ఎలక్ట్రానిక్స్ ప్లాంటులో రసాయనాలున్న చోట నిప్పంటుకుంది. నల్లటి పొగ ఊళ్ల మీదికి కమ్ముకుంది. కార్మికులను బయటికి పంపేశారు, కొందరికి ఊపిరాడక ఇబ్బందైంది, ప్రాణాలు మాత్రం పోలేదు. పెద్ద పరిశ్రమల్లో సొంత ఫైర్ సిబ్బంది ఉంటారు, పక్క కంపెనీ బండ్లు ఒకరికొకరు పంపుకునే ఏర్పాట్లూ ఉంటాయి. భోపాల్ గ్యాసు ప్రమాదం తరవాత వచ్చిన చట్టాల పుణ్యం అది. 1996 నిబంధనల ప్రకారం ప్రమాదకర రసాయనాలున్న జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక క్రైసిస్ గ్రూపు ఉండాలి, అది 45 రోజులకొకసారి కూర్చోవాలి. పక్క కంపెనీలో ఏముంది, ప్రమాదం వస్తే ఏం చేయాలి అని అడిగితే చుట్టుపక్కల జనానికి చెప్పాలి. ఎంతమంది అడిగారు? పొగ వచ్చినప్పుడు గాలికి అడ్డంగా, ఒక పక్కకు పోవాలని, పొగ పోయే దిక్కుకే పరుగెత్తకూడదని మన పంచాయతీ బోర్డు మీద ఎక్కడైనా రాసుందా? కంపెనీలో హిందీ, ఒడియా మాట్లాడే పిల్లలు వేలల్లో పనిచేస్తున్నారు. ఊళ్లో తెలుగూ కన్నడమూ మాట్లాడే ముసలివాళ్లు ఉన్నారు. హెచ్చరిక ఒక్క తమిళంలో వస్తే సగంమందికి సగమే అందుతుంది.

ప్రమాదం రాకముందే కదిలిన చోటు ఒకటి చెబుతాను. ఇంగ్లండులో లివర్‌పూల్ చుట్టూ ఉన్న మర్సీసైడ్ ప్రాంతపు ఫైర్ సర్వీసు 1999లో ఒక పని మొదలుపెట్టింది. పిలిస్తే పోవడం అటుంచి, పిలవకముందే ఇంటింటికీ పోయి చూడటం, పొగ పసిగట్టి మోగే పరికరాన్ని ఉచితంగా బిగించడం. తరవాత్తరవాత వైద్యశాఖతో, మునిసిపాలిటీలతో వివరాలు పంచుకుని, ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు ముందు పోవడం నేర్చుకున్నారు. అక్కడ ఇళ్లలో నిప్పుకు చనిపోయేవాళ్లు తగ్గారు. మనకు ఆ పరికరాలు కొనే స్తోమత లేకపోవచ్చు. అలాంటి వివరాల జాబితా మాత్రం మన దగ్గరా ఉంది. ముసలివాళ్ల పింఛను ఎవరికి వస్తుందో గ్రామ పరిపాలనాధికారి వీఏఓకు తెలుసు. మంచం దిగలేనివాళ్లు ఎవరో మందులు తెచ్చి ఇచ్చే నర్సమ్మకు తెలుసు. పూరిళ్లు ఎన్ని ఉన్నాయో, పక్కా ఇళ్ల పథకం కోసం పంచాయతీ లెక్క తీసే ఉంటుంది. ఈ మూడు కాగితాలూ ఒక బల్ల మీదికి తెచ్చి, అవతల స్టేషన్ ఆఫీసరును కూర్చోబెడితే ఊత్తంగరై బండి ఏ ఇంటికి ముందు ఉరకాలో తేలిపోతుంది. ఖర్చు ఒక పూట టీ, వడ.

ఇక బడుల సంగతి. 2004 జులై 16న కుంభకోణం బడిలో వంట దగ్గర పుట్టిన నిప్పు పూరికప్పుకు ఎక్కి 94 మంది పిల్లలను తీసుకుపోయాక బడుల మీద పూరికప్పులు తీసేశారు. 2009లో సుప్రీంకోర్టు దేశంలోని బడులన్నిటికీ నిప్పు జాగ్రత్తలు తప్పనిసరి అంది. ఇప్పుడు ప్రతి బడిలో ఎర్ర డబ్బా గోడకు వేలాడుతోంది. దాని మెడకున్న చీటీ మీద తేదీ చూడండి. ఈసారి పేరెంట్స్ మీటింగుకు పోయినప్పుడు మార్కుల కాగితం కంటే ముందు అదే చూడండి. మాస్టారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఆఖరుగా ఫోను సంగతి. నంబరు 101, లేదా 112. మాట్లాడేటప్పుడు అరవకుండా ముందు ఊరి పేరు, తాలూకా పేరు చెప్పండి. మన జిల్లాలో ఒకే పేరుతో పట్టీలూ పల్లెలూ చాలా ఉన్నాయి. తరవాత ఏం కాలుతోంది, ఇల్లా, వామా, ట్రాన్స్‌ఫార్మరా అన్నది చెప్పండి. లోపల మనుషులు చిక్కుకున్నారా చెప్పండి. గుర్తుగా గుడి, నీళ్ల ట్యాంకు, బస్ స్టాపు ఏదో ఒకటి చెప్పండి. అవతలివాళ్లు పెట్టేదాకా మీరు ఫోను పెట్టకండి. ఒకరిని బావి మోటారు దగ్గరికి పంపండి. ఇంకొకరిని మెయిన్ రోడ్డు మలుపు దగ్గర నిలబెట్టండి, రాత్రయితే చేతిలో టార్చిలైటు ఉండాలి. సందులో అడ్డంగా నిలిపిన బైకులను పక్కకు జరపండి. లైన్‌మన్‌కు చెప్పి కరెంటు తీయించకుండా తీగల మీద నీళ్లు కొట్టకండి. కాలినవాళ్ల ఒంటి మీద సిరా, పేస్టు, వెన్న ఏవీ పూయకుండా, 108 వచ్చేదాకా ఇరవై నిమిషాలు కాలిన చోట చల్లటి నీళ్లు ధారగా పోస్తూ ఉండండి.